నాన్‌స్టాప్ క్యాసెట్టుకు సాక్షి

మా ఊర్ల జనానికి సంతకం కావాలె గాని పెన్ను ఉండదు. గెజిటెడ్ ఆఫీసర్ అయిన పాపానికి, జూనియర్ కాలేజీల నా టేబుల్ ముందట రోజుకు ఇద్దరు ముగ్గురు నిలబడుతరు. ఒరిజినళ్లు తెస్తరు, జిరాక్సులు తెస్తరు, ఫోటోలు అవసరానికి మించి తెస్తరు. తమ సంతకం తాము పెట్టుడు మరిచిపోయి వస్తరు గనుక, అది నా పెన్నుతోటి అక్కడనే పెడుతరు. పని అయినంక కాయితాలను జాగ్రత్తగ కవర్ల పెట్టుకొని, పెన్నును ఇంకా జాగ్రత్తగ జేబుల పెట్టుకొని పోతరు. నా సర్వీసుల ఈ ఊరికి చేసిన సేవ ఏదన్న ఉంటే, అది బాల్‌పెన్నుల రూపంలనే చేసిన.

అందుకే ఆమధ్య మా బావ తన పెన్ను తాను తెచ్చుకున్నప్పుడు నాకు అనుమానం వచ్చింది.

బావంటే మా అక్క మొగుడు. డిపో రోడ్డుల టెంట్‌హౌస్ ఉన్నది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, పాటల స్పీకర్ డబ్బాలు కిరాయికి ఇస్తడు. ముప్ఫై ఏండ్ల సంది అదే దంద. ఆయన కాలేజీకి వచ్చుడే వింత. వచ్చి, కూసోని, నా ఆరోగ్యం ఎట్లున్నదని అడిగిండు. ఇది రెండో అనుమానం. మా బావ నా ఆరోగ్యం గురించి అంతకు ముందు ఒక్కసారే అడిగిండు. అప్పుడు ఆయనకు నా బండి కావాల్సి ఉండె.

"బామ్మర్ది, గిక్కడ ఒక సంతకం" అని కాయితం ముందటికి జరిపిండు.

కాయితం సిటీల ఉన్న ఒక పాటల కంపెనీది. ఒకప్పుడు చిన్న చిన్న ఊర్ల బస్టాండుల కాడ అమ్ముడుపోయిన నాన్‌స్టాప్ క్యాసెట్లను ఏరి, సాఫ్ చేసి, మళ్ల ఆల్బం లెక్క విడుదల చేస్తరట. ఫోన్లల్ల వస్తదట, అన్నం పళ్లెమంత నల్ల రికార్డు కూడా వస్తదట. కింద తెలుగుల రెండు వాక్యాలున్నయి. ఈ క్యాసెట్టును నేనే తయారు చేసిన అని బావ రాసియ్యాలె. ఈ సంగతి నాకు స్వయంగా తెలుసు అని ఊర్ల ఒక బాధ్యత గల మనిషి రాసియ్యాలె. బాధ్యత గల మనిషి అంటే నేనట. మా ఇండ్లల్ల ఈ మాట ఇంతవరకు ఎవరూ అనలే.

ఓటీపీ ఏమన్న అడిగిన్రా అన్న నేను. అడగలే అన్నడు. ఆధార్ నంబరు? అడగలే. పైసలు కట్టుమన్నరా? అదీ అడగలే, ఇస్తమని కూడ అనలే. మరి ఏమడిగిన్రు అంటే, అట్ట మీద పేరు ఎట్ల రాయాల్నో అడిగిన్రు అన్నడు. చెప్పేటప్పుడు కొంచెం సిగ్గుపడ్డడు. ఏదో ఒకటి అడిగేటోళ్లను నేను అర్థం చేసుకుంట. ఏమీ అడగనోళ్లంటెనే నాకు భయం.

కని బావకు కావాల్సింది ఆ పేరే అని తెలుస్తనే ఉన్నది. కుర్చీల వీపుల మీద, గంటెల కాడల మీద, షామియానా గుంజల మీద ఆయన పేరు పెయింటు చేయించి ఉన్నది. అవన్నీ దొంగల కోసం రాయించినయి. దొంగల కోసం కాకుండ, ఊరికెనే, ఈ పని ఈయన చేసిండని తెలవడానికి పేరు రాస్తమని ఒకరు అడుగుడు ఆయన జిందగీల ఇదే మొదటిసారి.

కాయితం మీద ఉన్న నంబరుకు నేనే ఫోన్ చేసిన. ఒక అమ్మాయి ఎత్తింది. ఇది ఈ దిక్కున దుకాణంల అమ్మిన మొట్టమొదటి మిక్స్ అయ్యుండొచ్చని సంబురపడ్డది. నేను చరిత్ర చెప్పి బతికేటోణ్ని గనుక, మొట్టమొదటి అన్న మాట మీద నాకు వృత్తిరీత్యా అనుమానం ఉంటది. అదే అన్న. దానికి ఆమె ఓపికగ చెప్పింది. మిక్స్ ఆల్బం అనేది ఏ కంపెనీ ఆలోచనల నుంచీ పుట్టలేదట. పై దేశాలల్ల డాన్సు క్లబ్బులల్ల పాటలు పెట్టేటోళ్లు తమ ఆటను తామే టేపులకు ఎక్కించుకునేటోళ్లట. ఆ టేపులు చేతులు మారి, కాపీ మీద కాపీ అయ్యి, ఎవరినీ అడగకుండ అంగట్లకు వచ్చినయట. జనం కొంటున్నరని పక్కా అయినంక కంపెనీలు వచ్చి, పాటల ఓనర్ల దగ్గర పర్మిషన్లు తీసుకొని, అట్ట మీద పేరేసి అమ్మినయట. ముందుగాల దొంగ సరుకు, ఎనక అసలు సరుకు. చరిత్రల చాలా రాజ్యాలు ఇట్లనే ఏర్పడ్డయి గనుక నాకు ఆ మాట నమ్మబుద్ధి అయింది. ఆ అమ్మాయిని మాత్రం నమ్మబుద్ధి కాలే. మరీ మర్యాదగ మాట్లాడింది.

అసలు ఆ క్యాసెట్టు సంగతి చెప్పాలె. మెమరీ కార్డులు రాకముందు, సీడీలు కూడ మా దాక రాకముందు, బస్టాండు ముందట ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది. నడిపేటాయనను ఊరంత చాచా అంటుండె. పెండ్లి ఉన్నోళ్లు పాటలన్నీ ఒక చిట్టీల రాసుకొని, ఖాళీ క్యాసెట్టు పట్టుకొని ఆయన దగ్గరికి పోయేది. రెండు రోజులకు ఆ వరుసల పాటలు ఎక్కించి ఇచ్చేటోడు. తీన్‌మార్ దెబ్బలు, మర్ఫా డప్పులు, జానపదాలు, సరిహద్దు మీది నాగల్‌గిద్ద దిక్కోళ్లు ఉంటే రెండు కన్నడ పాటలు. ఆ క్యాసెట్టును మా బావ డబ్బాలల్ల ఏస్తే ఊరేగింపు నడిచేది.

అంత మంచిగనే ఉండేది గాని, పాటకు పాటకు నడుమ నాలుగైదు సెకండ్లు సప్పుడు ఉండకపోయేది. ఊరేగింపుల ఆ నాలుగైదు సెకండ్లు చాన ప్రమాదం. పాట నడిచినంతసేపు ఎవని మాట ఎవనికీ ఇనరాదు గనుక అందరూ చుట్టాలే. పాట ఆగిందంటే పెండ్లికొడుకు మేనమామకు తనను స్టేజీ మీదికి పిలువలేదని యాదికొస్తది. ఒకసారి మనూర్ దిక్కు ఒక పెండ్లిల పట్టపగలు, రెండు పాటల నడుమ మొదలైన మాట మూడో పాట అయిపోయేసరికి రెండు ఊర్ల పంచాయితీ అయింది. ఆ రోజు బావవి రెండు డబ్బాలు పగిలినయి. అట్ల పుట్టింది నాన్‌స్టాప్ క్యాసెట్టు. డాన్సు కోసం కాదు, శాంతి భద్రతల కోసం.

ఒక డెక్కుల, అంటే టేపు మిషన్ల, పాట నడుస్తుంటే, ఇంకో డెక్కు దాన్ని ఖాళీ క్యాసెట్టుకు ఎక్కించుకుంటది. పాట ముగిసే దెబ్బ మీద, ఎక్కించే డెక్కు పాజ్ బటన్ వత్తాలె. కొత్త పాట పెట్టి, సరిగ్గ దాని మొదటి దెబ్బ మీద పాజ్ ఇడువాలె. బొటనవేలు ఒక రవ్వ అటిటు అయితే దరువు తప్పుతది. ఇట్ల అతికిన క్యాసెట్టు ఒక పెండ్లిల ఏస్తే, మర్నాడు పదిమంది అదే కావాలని వచ్చిన్రు. చిట్టీలు బంద్ అయినయి. పెండ్లి కార్డుల ప్రెస్సుల అట్ట అచ్చు కొట్టించిన్రు. ఆ ప్రెస్సాయన దగ్గర రెండే బొమ్మలున్నయి గనుక కొన్ని అట్టల మీద గణపతి, కొన్నిటి మీద సిలువ. లోపల పాటలు ఒక్కటే. మా పాస్టర్‌గారు సిలువ అట్ట చూసి కొన్నడని, ఇంట్ల ఏసి మర్ఫా ఇని, వాపసు మాత్రం ఇయ్యలేదని చెప్పుకునేది.

ఇప్పుడు తగాదా ఏందంటే, ఇందుల పాటలు ఎవరో రాసినయి, ఎవరో పాడినయి, ఎవరో వాయించినయి. మా ఊరోళ్లు చేసింది ఒక్కటే, నడుమ ఉన్న నిశ్శబ్దాన్ని తీసేసిన్రు. ఆ తీసేసిన నిశ్శబ్దం ఎవరిది అనేది ప్రశ్న. బావ తనది అంటడు. పాతికేండ్ల సంది ప్రతి ఫంక్షన్ల, ఇనేటోడు దొరికితే చెప్తడు. నేను అప్పుడు డిగ్రీ చదువుతుంటి. సెలవులకు వచ్చినప్పుడల్ల ఆ సెంటర్లనే పడి ఉంటుంటి. నాకు యాదికి ఉన్నంతల డెక్కుల ముందట కూసున్నది చాచా. బావ బయట, బండి మీద డబ్బాలు కట్టుకుంట ఉండేటోడు. సాక్షి అంటే చూసినోడు. నేను చూసింది వేరే.

అదే మాట చెప్పి, కొంచెం అడిగి అర్సుకొని పెడుత అన్న. బావ పెన్ను మూత పెట్టిండు.

"మీ నాయన నిన్ను సదివియ్యకుంట రెండు బర్లు కొన్నా, ఇయ్యాల పాలన్న ఇస్తుండె" అని లేచిపోయిండు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. సంతకం మాట ఎత్తలే. ప్రతి వారం ఆదివారం చర్చి అయినంక అటే భోజనానికి రమ్మనేది. ఆ వారం రమ్మనలే.

మర్నాడు చాచా దుకాణానికి పోయిన. జాగ అదే. ఇప్పుడు ఫోన్ల కవర్లు, చార్జర్లు, అద్దాలు అమ్ముతుండు. డెబ్బై దాటినయి, సూపు మందగించింది. వచ్చిన పని చెప్పకముందే, నీ రికార్డింగ్ సెంటర్ ఉండె గదా చాచా, అన్న.

"ఎవలది?"

"నీదే."

"నాది ఎన్నడుండె సారూ? నాది చెప్పుల దుకాణం."

ఆయన నెత్తి మీద, కొత్త ఫ్లెక్సీ ఎనక గోడకు, సైకిలు చక్రాలంత రెండు గుండ్రాలతోటి క్యాసెట్టు బొమ్మ ఇంకా సగం కనపడుతనే ఉన్నది. నేను పైకి చూసిన. ఆయన కూడ చూసిండు.

"గవి చెప్పులే" అన్నడు.

చాయ్ తాగుకుంట కొంచెం కొంచెం బయటపడ్డది. ఒకప్పుడు పక్క ఊర్ల పోలీసులు జీపుల వచ్చి, దొంగ క్యాసెట్లని, డెక్కులతోటి సహా ఓనర్ను ఎత్తుకపోయిన్రట. ఆ వార్త తెలిసిన రోజే చాచా తన జిందగీలకెల్లి ఆ పదేండ్లు కొట్టేసిండు. నేను బావ కాయితం సంగతి చెప్పిన. ఇప్పుడు ఎవడో సిటీ నుంచి కాయితం పంపి, గా క్యాసెట్టు ఎవలు చేసిన్రో రాసిచ్చి సంతకం పెట్టుమంటె, ఆయనకు ఇంకో అర్థం కనపడలే. ఇన్నేండ్లకు ఇంత మంచి మాటలతోటి పట్టుకునుడు వాళ్ల కొత్త తరీక అన్నడు.

"సంతకం వెట్టినోడే లోపలికి పోతడు. మీ బావను వెట్టుకోమను. మంచోడు" అన్నడు.

ఇంకొకడైతే ఆ మాట మీదనే సంతకం పెట్టేటోడు. పోటీకి మనిషి లేడు, పంచాయితీ లేదు. నాకు మాత్రం అనుమానం పెరిగింది. తనది కాని దాన్ని ఇడిచిపెట్టెటప్పుడు మనిషి అంత భయపడడు.

ఆదివారం చర్చిల పాటల గుంపోళ్ల పాత టేప్‌రికార్డరు అడుక్కొని, బావను ఎంటవెట్టుకొని, మధ్యాహ్నం మళ్ల చాచా దుకాణానికి పోయిన. రమ్మంటె బావ ఎంటనే వచ్చిండు. తప్పు చేసినోడు అంత జల్దీ రాడని అప్పుడే అనుకోవాల్సి ఉండె. ఇనపపెట్టెల దాచుకున్న క్యాసెట్టు తెచ్చిండు, సిలువ అట్టది. ఇనుటానికి కేసు ఉండదు గదా అని చాచా రెండుసార్లు అడిగి, సగం షట్టర్ దించిండు.

మొదటి పక్క ఏసినం. గుయ్యిమని లేచి, దరువు అందుకున్నది. చాచా కండ్లు మూసుకున్నడు. కుడిచెయ్యి కౌంటరు అద్దం మీద ఉన్నది. మొదటి పాట అయిపోవస్తుంటె ఆయన బొటనవేలు అద్దం మీద ఒత్తింది, ఒక్క క్షణం ఆగి లేచింది. లేచిన దెబ్బకే రెండో పాట పడ్డది. తర్వాతి అతుకు కాడ మళ్ల అట్లనే. ఆయనకు తెలవకుండనే వేలు పోతున్నది, ఒక్కటి కూడ తప్పుతలేదు. నాలుగో అతుకు కాడికి వచ్చేసరికి బావ టేప్‌రికార్డరును చూసుడు బంద్ చేసి ఆ వేలినే చూస్తుండు. నేను బావను చూస్తున్న. నా అనుమానం నిజమైంది. సంబురం అవుతదనుకున్న, కాలే.

రెండో పక్క తిప్పినం. ఒక అతుకు పోయింది. రెండోది పోయింది. మూడో దాని కాడ చాచా వేలు లేచింది గాని దెబ్బ పడలే. అర దెబ్బ ఆగి, అప్పుడు పడ్డది. చాచా కండ్లు తెరిచి చెయ్యి ఎనకకు తీసుకున్నడు.

"ఇది నాది కాదు. నేను గిట్ల కొయ్య."

ఇన్ని రోజులు క్యాసెట్టే తెల్వదన్న మనిషి, ఒక్క చెడ్డ అతుకు తన పేరు మీద పడుతదేమోనని మొత్తం ఒప్పుకున్నడు. ఆనాడు శుక్రవారమట. నమాజుకు పోవాలె. ఒక్క పాట అతకమని బావను కూసోవెట్టి పోయిండట. వచ్చినంక ఇని, మళ్ల చేద్దమంటె, అప్పటికే బావ దాన్ని పెండ్లికి పట్టుకపోయిండట. మిగిలిన కాపీలన్నీ దాని మీదికెల్లి తీసినయే.

నేను బావ కాళ్ల దిక్కు చూసిన. స్టూలు కింద ఆయన ఎడమకాలు లేచి ఉన్నది.

మా ఊరు కానోళ్లకు ఇది చెప్పాలె. ఆ పాట వచ్చినప్పుడు మా దిక్కున జనం ఆ జాగల ఒక్కసారి ఒంటికాలి మీద ఎగురుతరు. కాలు లేపుతరు, దెబ్బ రాదు, కాలు గాలిల ఉంటది, ఎగిరి అందుకుంటరు. మొదట్ల అది తడబాటు. రెండో పెండ్లికి ఆట అయింది. ఇప్పుడు ఆ క్యాసెట్టు పుట్టినంక పుట్టినోళ్లు కూడ, ఫోన్ల అసలు పాట ఏసినా అక్కడ ఎగురుతరు. బ్యాండు మేళపోళ్లు అక్కడ అర దెబ్బ ఆగుడు నేర్చుకున్నరు. ఆగకుంటె జనం ఎట్లైనా ఆగుతరు. మా ఊర్లె ఆడపిల్లను చేసుకున్న బీదర్ దిక్కు అల్లుండ్లు ఒంటరిగ ముందటికి పోయి, ఎనకకు తిరిగి చూస్తరు. అట్ల అల్లుణ్ని గుర్తువడతం.

పాటల వరుసన్న నాది గదా, అన్నడు బావ. గొంతు చిన్నగ ఉన్నది. చాచా తల అడ్డంగ ఊపిండు. చిట్టీలల్ల అందరూ గదే వరుస రాస్తుండ్రి బేటా, అన్నడు. నేను బావ అబద్ధం ఆడుతుండనుకున్న. ఆడలే. ఒక్క శుక్రవారం ఒక్కడే డెక్కుల ముందట కూసున్నోనికి, ఏండ్లు గడిచేకొద్ది అన్ని రోజులూ శుక్రవారాలే అయినయి. నా నౌకరిల ఉన్నోళ్లు చాలామంది ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేసి పుస్తకాలు రాసిన్రు.

బయట ఒక బస్సు రివర్సు తీసుకుంటుంటే కండక్టరు ఈల ఏస్తుండు. బావ క్యాసెట్టు తీసి అట్టల పెట్టుకుంట అన్నడు.

"బామ్మర్ది, గంత క్యాసెట్ల ఊరంత ఎగిరేది ఎక్కడ?"

చాచా అతుకులు ఎంత మంచియంటే అవి ఉన్నట్టే ఎవరికీ తెల్వదు. ఊరికి తెలిసింది ఒక్క అతుకే, బావది.

ఆ కాయితం పక్కకు పెట్టి నేనే కొత్తది రాసిన. ఈ క్యాసెట్టును పేరు చెప్పుకోవడం ఇష్టం లేని ఒక పెద్దమనిషి తయారు చేసిండు, రెండో పక్కన మూడో అతుకు మాత్రం ఫలానా మా బావ చేసిండు, ఈ సంగతి నాకు స్వయంగా తెలుసు. చాచా కండ్లకు దగ్గర పెట్టుకొని మూడుసార్లు చదివిండు, తన పేరు ఎక్కడన్న దాక్కున్నదేమోనని. బావ ఒక్కసారే చదివిండు, చదివి సంతకం పెట్టిండు. దాని కింద నేను పెట్టిన. మొత్తం క్యాసెట్టు మనిషి అనుకున్నోడు ఒక్క అతుకు మనిషై పోయినా, బావ మొఖంల ఏదో తేలిక కనపడ్డది. అక్క రాత్రికి రొట్టెలు పంపింది.

నెల పట్టింది జవాబు రావడానికి. ఆ నెలంత నేను కంపెనీని అనుమానించిన, చాచా జీపు కోసం చూసిండు. బావ మాత్రం ఊర్లె అడిగినోళ్లకు కొత్త కథ చెప్తుండు, ఒక్క అతుకుదే. పాతదానికంటే ఇదే బాగున్నదని, ఇనుకుంట చాయ్ కూడ తాగిస్తున్నరని అన్నడు. రికార్డు వచ్చిననాడు టెంట్‌హౌస్ ముందట డబ్బాలు పెట్టి, ఊరందరిని పిలిచి ఏస్తనని చెప్పి పెట్టుకున్నడు.

మొన్న పొద్దున టెంట్‌హౌస్‌ల ఉంటే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. స్పీకర్ మీద పెట్టిన. చాచా ఎందుకు వచ్చిండో గాని ఆయన కూడ అక్కడనే ఉన్నడు. ఫోన్లకు కనపడకుండ కొంచెం పక్కకు జరిగి కూసున్నడు. అంత అయిపోయింది, అట్ట అచ్చుకు పోయింది అన్నది. ఎనక పక్క మా బావ పేరు ఉన్నదని, దాని ముందట రెండో పక్క, మూడో అతుకు అని రాసిన్రని చదివి వినిపించింది. బావ తన పేరును అక్షరం అక్షరం మళ్లొకసారి చెప్పిండు. సరిగ్గనే ఉన్నది అన్నది. క్యాసెట్టు గుయ్యిమనే సప్పుడు మొత్తం పోయిందట, నిన్ననే చేసినట్టు ఉన్నదట.

బావ ఫోను దగ్గరికి వంగి, మూడో అతుకు కాడ మంచిగ ఇనపడుతున్నదా అమ్మా అని అడిగిండు.

"అదా అంకుల్, అక్కడ బీట్ తప్పింది కదా. మా వాళ్లు సరిచేసేశారు, ఇప్పుడు అక్కడ అతుకుందని కూడా తెలియదు."